తొలి పొగ

ఆదివారం పేపరు రాగానే మెకానిక్ చదివేది ఒకటే పేజీ, పాత సామాన్ల అమ్మకాల పేజీ. కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, వేలు పెట్టి ఒక్కో లైనూ చదువుతాడు. చదివినంతసేపూ తిడుతూనే ఉంటాడు.

"చూశావా, అరుదైన రేసింగ్ ఇంజనట! ప్రపంచం మొత్తం మీద పదకొండే చేశారట! ఈ ఊళ్లోనే నేను ముప్ఫై చూశాను కదే!"

భార్య పెరట్లో తీగ మీద గుడ్డలు ఆరేస్తోంది. అవి వర్క్‌షాపు గుడ్డలు. పాత చొక్కాలు కత్తిరించి, దారం పోగులు ఇంజన్లోకి పోకుండా నాలుగు అంచులూ మడిచి ఆవిడే కుడుతుంది. ఒక్కోదాని మూల ఎర్రదారంతో కుట్లు వేస్తుంది, మొదటిదానికి ఒకటి, ఆరోదానికి ఆరు. పొద్దున ఆరు ఇస్తుంది, సాయంత్రం ఆరు తీసుకుంటుంది. ఇంజను మూసేముందు గుడ్డలు లెక్కపెట్టుకోవాలన్నది ఆయన పెట్టుకున్న రూలు. "కడుపు కుట్టేముందు డాక్టరు కత్తెర్లు లెక్కపెట్టుకోడూ? ఇదీ అంతే" అని వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. వినీ వినీ అందరికీ చెవులు చిల్లులు పడ్డాయి.

ఆ గొప్పంతా దేనికంటే, పంతొమ్మిదేళ్లనాటి ఒక మాట ఆయన్ని ఇంకా తొలుస్తూనే ఉంది. అప్పట్లో భార్య తమ్ముడు రేసు కారు నడిపేవాడు. దాని ఇంజను తయారుచేసింది ఈయనే. ఒక పోటీలో నాలుగో చుట్టు మలుపు దగ్గర ఇంజను పట్టేసింది, చక్రాలు బిగుసుకుపోయాయి, కారు వెళ్లి గోడకు కొట్టుకుంది. బావమరిది బతికి బయటపడ్డాడు గానీ కుడిచెయ్యి మోచేతి దగ్గర మళ్లీ వంగలేదు. ఆసుపత్రి మంచం మీదనుంచి అతను ఒక్కమాటే అన్నాడు: "లోపలేదో మర్చిపోయావు బావా."

"నేనా? నేను మర్చిపోవడమా? కారు ఓనరు నాసిరకం ఆయిలు పోశాడు!" అన్నాడు ఈయన. విప్పి చూద్దామనేలోపే ఓనరు ఇంజన్ని పాత ఇనుము కింద అమ్మేశాడు. అంతే, బావమరిది ఈ గడప తొక్కడం మానేశాడు. ఉండేది నాలుగు వీధుల అవతలే. అక్క మాత్రం ఒక్కతే వెళ్లి చూసి వస్తుంది. ఆయిలుదే తప్పని రుజువు చేసి, ఆ కుర్రాడి చేత మళ్లీ బావా అనిపించుకోవాలి. మెకానిక్‌కి ఇంకో కోరిక లేదు.

రుజువుకి కావలసింది ఆ ఇంజను తొలి పొగ. ఏళ్ల తరబడి మూలన పడున్న ఇంజన్ని మళ్లీ తిప్పితే, తొలి పొగలో అది బతికిన బతుకంతా బయటికొస్తుంది కదా. నిన్న మొన్నటిది ముందు, పాతది తరవాత. పిండిమర ఇంజనైతే పిండి కక్కుతుంది, రంపపు మిల్లుదైతే పొట్టు. ఐస్ ఫ్యాక్టరీ ఇంజను ఒకటి కక్కిన గడ్డ ఒకాయన బొటనవేలి మీద పడి గోరు ఊడింది. అందుకే కొనేవాళ్లు తెల్లదుప్పటి వెంట తెచ్చుకుంటారు, అందుకే అమ్మేవాళ్లు ఇంజను తిప్పనివ్వరు. "తిప్పితే విలువ పడిపోతుంది సార్" అంటాడొకడు. "తాళం మా ఆవిడ పుట్టింటికి పట్టుకెళ్లింది" అంటాడు ఇంకొకడు. "తిప్పొద్దని మా నాన్నగారు పోతూ పోతూ ఒట్టేయించుకున్నారు" అని కళ్లొత్తుకున్నవాడూ ఉన్నాడు. వాళ్ల నాన్న పక్కగదిలో దగ్గుతూనే ఉన్నాడు!

పైగా ఆనాటి ప్రమాదం ఇంజను నంబరుతో సహా పేపర్లో పడింది. దాంతో ఆ నంబరుకి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. ఇప్పటికి అదే నంబరు కొట్టించిన ఇంజన్లు నాలుగు చూశాడు మెకానిక్. ఒకటి పిండి, ఒకటి పొట్టు, ఒకటి తడి సిమెంటు, ఒకటి కోడి ఈకలు. ప్రతిసారీ పళ్లు నూరుకుంటూ ఇంటికొచ్చి దుప్పటి విసిరికొట్టేవాడు. భార్య ఉతికి మడతపెట్టేది.

ఆ ఆదివారం పళ్ల డాక్టరు వచ్చాడు. ఆయన దగ్గర ఇంజను లేని పాత రేసు కారు ఒకటుంది.

"ఇంజను దొరికిందండీ! మీరు ఆ రోజుల్లో కట్టిన ఇంజనేనట. ఒకసారి వచ్చి చూసిపెట్టాలి."

"ఎవరి దగ్గర?"

"కోటాయన దగ్గర."

మెకానిక్‌కి ఒళ్లు మండిపోయింది. మండుటెండలో కూడా కోటు విప్పని ఆ మహానుభావుడే సిమెంటూ ఈకలూ అంటగట్టబోయింది. "ఇవాళ వాడి బండారం నలుగురిలో బయటపెట్టకపోతే చూడండి! ఏమే, దుప్పటి ఇలా తే!"

భార్య దుప్పటి తెచ్చి సంచిలో పెట్టింది. "ఇంక వదిలేయకూడదూ?" అంది, ప్రతిసారీ అన్నట్టే.

"వదిలేయాలా? మీ తమ్ముడి వీధిలోంచి వెళ్లలేక బజారుకి చుట్టూ తిరిగి పోతున్నాను. చచ్చేదాకా ఇంతేనా?"

ఆవిడ సంచి చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయింది.

కోటాయన గోదాములో ఇంజన్లన్నీ ముస్తాబై స్టాండ్ల మీద వరసగా కూర్చున్నాయి. ఒక్కోదాని వెనక ఒక ఫొటో, ఒక బంగారు ముద్ర కాగితం.

"రండి రండి! దీన్ని కట్టిన చెయ్యే మళ్లీ దీన్ని తాకాలని రాసిపెట్టుంది" అన్నాడు కోటాయన, రెండు చేతులూ చాపి.

"పోయినసారీ ఇదే అన్నావు. ఈకలు కక్కింది."

"అది పోయినసారి కదండీ!"

మెకానిక్ ఇంజను చుట్టూ తిరిగాడు. మోడలు అదే, అంతవరకు నిజం. ఎవరో విప్పి సగం భాగాలు మార్చేశారు. పైన పట్టించిన రంగు గీరితే వేలెడు మందం ఊడేలా ఉంది. నంబరు చూస్తే నిన్నగాక మొన్న కొట్టినట్టు తళతళలాడుతోంది. వెనక ఫొటోలోది అసలు వీళ్ల కారే కాదు.

"తిప్పు" అన్నాడు.

"అయ్యయ్యో, విలువ..."

"తిప్పకపోతే నేను కొనను" అన్నాడు పళ్ల డాక్టరు. నోరు తెరిపించడం ఆయనకి అలవాటే.

కోటాయన మెకానిక్ చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కెళ్లాడు. గొంతు బాగా తగ్గించాడు. "అన్నా, నీ దగ్గర దాపరికమెందుకు? ఇది చేపల పడవది. పాత నంబరు ఉప్పుకి తినేసి పోయింది, ఇది నేనే కొట్టించాను. డాక్టరుగారి ముందు నా పరువు తీయకు."

"నా పరువు ఇనుము మీద కొట్టించి అమ్ముకుంటున్నావు, నీకు మళ్లీ పరువా?" మెకానిక్ గొంతు గోదామంతా మోగింది. "డాక్టరుగారూ, దుప్పటి పట్టుకోండి!"

బ్యాటరీ తగిలించి, సీసాతో పెట్రోలు అందించి తనే తిప్పాడు. ఇంజను రెండుసార్లు మూలిగి అందుకుంది. పొగగొట్టంలోంచి ముందు ఉప్పునీళ్లు చిమ్మాయి. తరవాత నాచు, తెగిన వల ముక్క, గుప్పెడు చేప పొలుసులు. ఒక పొలుసు డాక్టరు కళ్లద్దానికి అతుక్కుంది.

మెకానిక్ పగలబడి నవ్వాడు. ఆయన అలా నవ్వి ఎన్నేళ్లయిందో. "రేసింగ్ ఇంజన్! పదకొండే చేశారట! ఏరుకోండి డాక్టరుగారూ, కూరకి సరిపోతాయి!"

"చూశావుగా, ఇంక ఆపెయ్యి" అన్నాడు కోటాయన, చెక్కపెట్టె మీద కూలబడి.

"ఆపను. మొత్తం కక్కనీ."

ఆపేసి ఉంటే బాగుండేది. కానీ కోపంలో ఉన్న మనిషికి చెయ్యి ఆగుతుందా? నీళ్లూ పొలుసులూ అయిపోయాక ఇంజను గొంతు తేటపడింది. ఆ చప్పుడు వినగానే మెకానిక్ నవ్వు సగంలో ఆగిపోయింది. నెలల తరబడి రాత్రింబవళ్లు చెవి ఆనించి తను సరిచేసిన చప్పుడది. ఆ వెంటనే ఎర్రటి ధూళి వచ్చింది. ఆనాటి రేసు మైదానం ధూళి. తరవాత కాలిన రబ్బరు పొడి. ఆఖరికి ఇంజను వెక్కిళ్లు పెట్టింది, ఏదో అడ్డుపడ్డట్టు. ఒక్క ఊపున దాన్ని బయటికి నెట్టేసి, దానంతట అదే ఆగిపోయింది.

దుప్పటి మధ్యలో నల్లగా నూనె ఓడుతున్న చిన్న గుడ్డ పడి ఉంది. నాలుగు అంచులూ మడిచి కుట్టి ఉన్నాయి. మూల ఎర్రదారం. మెకానిక్ వేలితో తడిమాడు. ఆరు కుట్లు.

కోటాయన మెల్లగా లేచి నిలబడ్డాడు. "అంటే... ఇది నిజంగా అదేనా? నేను చెప్పింది నిజమా?" పాపం, నమ్మలేకపోయాడు.

"ఆ గుడ్డ ఏంటండీ?" అన్నాడు డాక్టరు.

మెకానిక్ దాన్ని గుప్పిట్లోకి తీసుకున్నాడు. "నాది" అన్నాడు.

మధ్యాహ్నం ఎండలో భార్య తీగ మీది గుడ్డలు తీస్తోంది. ఆయన ఎదురుగా వెళ్లి అరచెయ్యి చాపాడు. ఆవిడ చూసింది. "ఏమిటిది" అని అడగలేదు. అప్పుడు అర్థమైంది ఆయనకి.

"నీకు తెలుసు."

"పోటీ రోజు పొద్దున మీరు ఇంజను మూశారు, సాయంత్రం ఐదే వచ్చాయి" అంది ఆవిడ. "ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఐదే. తమ్ముడు ఆసుపత్రిలో ఉన్నాడు, మీరేమో గోడవైపు తిరిగి పడుకున్నారు, తిండి లేదు, మాట లేదు. ఈ మాట కూడా వింటే మీరు దక్కరనిపించింది. ఆరోది కొత్తది కుట్టి తీగ మీద వేసేశాను."

"పంతొమ్మిదేళ్లే!" ఆయన పక్కనున్న బకెట్టుని ఒక్క తన్ను తన్నాడు. "ఊరందర్నీ దొంగలు దొంగలని తిడుతూ తిరిగాను. దుప్పటి మడతపెట్టి ఇచ్చింది నువ్వేగా!"

"దొరక్కూడదని దణ్ణం పెట్టుకుని మరీ ఇచ్చాను." ఆవిడకి ఏడుపొచ్చింది. "అటు తమ్ముడు, ఇటు మీరు. నన్నేం చెయ్యమంటారు?"

ఆయనకి చెప్పలేనంత కోపం వచ్చింది, ఆవిడ మీద. కాసేపు బావి గట్టు మీద కూర్చున్నాక ఆ కోపం ఎవరి మీద రావాలో వాళ్ల మీదకే వచ్చింది. లేచి, దొర్లిన బకెట్టు తెచ్చి దాని చోట పెట్టాడు.

"నేనూ వస్తానుండండి" అంది ఆవిడ, ఎక్కడికో చెప్పకుండానే.

"వద్దు. నువ్వు లెక్కపెట్టిన సంగతి వాడికి తెలియక్కర్లేదు. మర్చిపోయింది నేను."

బావమరిది తాళంచెవులు చేస్తాడు, ఎడమచేత్తో. సాయంత్రం కొట్టు మూసి, వీధి గదిలో బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. గుమ్మంలో మనిషిని చూసి లేవలేదు, రమ్మనలేదు.

మెకానిక్ లోపలికి వెళ్లి గుడ్డని బల్ల మీద పెట్టాడు.

"ఆయిలు కాదురా. ఇంజను అడుగున ఆయిలు తొట్టిలో ఇది మర్చిపోయాను. నేనే."

బావమరిది దాన్ని దగ్గరికి లాక్కున్నాడు. ఎడమచేత్తో ఎర్రకుట్లు ఒక్కొక్కటే తడిమాడు. "అక్క కుట్టిందే" అని లేచి లోపలికి వెళ్లిపోయాడు.

మెకానిక్ అలాగే నిలబడ్డాడు. పొమ్మన్నట్టా, ఉండమన్నట్టా తెలియలేదు. లోపల గిన్నెల చప్పుడు వినిపించింది. కాసేపటికి బావమరిది రెండు గ్లాసుల టీ తెచ్చాడు, ఎడమచేతిలో ఒకటి, వంగని చేతిలో ఒకటి. వంగని చేతిలోది బల్ల మీద పెట్టబోతే ఒలికింది. అందుకోవడానికి మెకానిక్ చెయ్యి చాపాడు.

"ఉండు."

బావమరిది ఆరో గుడ్డ తీసుకుని బల్ల తుడిచాడు. ఉన్న నూనె బల్లకంటి, మరక ఇంకాస్త పెద్దదైంది. దాన్ని చూసి విసుక్కుని, కాలితో కుర్చీని ఇవతలికి నెట్టాడు.

"కూర్చో బావా. చల్లారిపోతుంది."