తోటికోడలితో ఎముకల పందెం

డ్రిల్లు టీచరుగా రిటైరైన ఆవిడ కేక వేస్తే మైదానంలో పిల్లలే కాదు, గేటు దగ్గరి తండ్రులూ వెన్ను నిటారు చేసుకునేవారు. అలాంటి మనిషి స్నానాలగదిలో కాలు జారి, చెయ్యి ఆనించిన పాపానికి మణికట్టు విరగ్గొట్టుకుంది.

నెలసరి ఆగాక ఎముకలు గుల్లబారాయని, విటమిన్ డి అడుగంటిందని డాక్టరమ్మ చెప్పింది.

"నాకా? నా బతుకంతా ఎండలోనేనండీ!"

"రిటైరయ్యాక ఎండ మొహం చూశారా?"

టీవీ మొహం తప్ప చూడలేదు.

అంతటితో పోయినా బాగుండేది. పైవాటాలో ఉండే తోటికోడలు తోడొచ్చి, పనిలో పనిగా తనూ స్కాన్ తీయించుకుంది. కుట్టుమిషను ముందు వంగి బతికిన మనిషి ఎముకలు గుండ్రాళ్లట!

"మందులు వాడితే నీవీ గట్టిపడతాయిలే అక్కయ్యా" అందామె మంచిగానే. ఆ మంచితనమే ఆవిడకు పుండు మీద కారమైంది.

ఎముకల మందుతోపాటు వారానికొక డి బిళ్ల మింగమన్నారు. పరుగుపందెంలో నెమ్మదిగా పరిగెత్తి గెలిచినవాళ్లను ఆవిడెరగదు. రోజుకొకటి మింగడం మొదలుపెట్టింది. ఒకే షాపైతే ఆరాలు తీస్తారని షాపులు మార్చి మరీ కొంది. పిల్లల దొంగాటలు పట్టుకున్న ఘనురాలు కదా, ఆ విద్యలన్నీ ఇప్పుడు అక్కరకొచ్చాయి.

కొన్ని నెలలకు ఆగని దాహం, మలబద్ధకం, తిన్నది ఇమడకపోవడం. ఒకరోజు తాళాల కోసం ఫ్రిజ్‌లో వెతుకుతూ తోటికోడలికి దొరికిపోయింది. అనుమానమొచ్చి ఆవిడ దిండు ఎత్తి చూస్తే కింద ఖాళీ బిళ్లల అట్టలు. ఆమె ఆటో పిలిచి ఆస్పత్రికి లాక్కెళ్లింది. డి ఎక్కువై రక్తంలో కాల్షియం హద్దు దాటిందని సెలైను ఎక్కించారు.

"రోజూ ఎందుకు మింగారమ్మా?" డాక్టరమ్మ నిలదీసింది.

అబద్ధమాడే ఓపిక కూడా లేదు. "దీని ఎముకల్ని ఓడిద్దామని."

తోటికోడలు తెల్లబోయి, అంతలోనే పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"నా ఎముకలు నీ చలవే అక్కయ్యా. పొద్దున్నే నువ్వు వాకిట్లో కసరత్తు చేస్తుంటే కిటికీలోంచి చూసి నేర్చుకున్నా. రిటైరయ్యాక నువ్వు మానేశావు, నేను మానలేదు."

ఆవిడకు తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సెలైను సూది వల్ల కదలడానికీ లేదు. చివరికి తనూ నవ్వేసింది. "ఇన్నేళ్లలో నా మాట విన్న శిష్యురాలివి నువ్వొక్కదానివే. నీతోనే పందెం వేశాను చూడు!"

కాల్షియం కుదుటపడ్డాక డాక్టరమ్మ మోతాదు తగ్గించి డి మందు మళ్లీ మొదలుపెట్టింది. బిళ్లలు మాత్రం తోటికోడలి బీరువాలో ఉంటాయి. పొద్దున ఎండపొడ తగలగానే ఇద్దరూ డాబా ఎక్కుతారు.

"తొందరపడకు అక్కయ్యా, మెల్లగా" అంటుందామె.

"చిత్తం టీచరమ్మా" అని ఆవిడ చేతులు పైకెత్తుతుంది.