అండాలమ్మ గ్రాఫులూ, నా గుబులూ

నేను ఒక ఫైల్ మేనేజర్‌ని. పేరు విని ఏ ఆఫీసులోనో నాకొక కుర్చీ ఉందనుకునేరు. నాకసలు ఒళ్ళే లేదు. కంప్యూటర్లో ఏది ఎక్కడుందో వెతికి, తెర మీద పరిచి చూపించే ప్రోగ్రామును. తీయమంటే తీస్తాను, పెట్టమంటే పెడతాను, చెరపమంటే చెరుపుతాను. ‘ఇది చెయ్యొద్దు తల్లీ’ అని చెప్పే నోరు మాత్రం నన్ను రాసినవాళ్ళు పెట్టలేదు.

మొదట హైదరాబాదులో ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేశాను. అక్కడివాళ్ళు ప్రతి ఫైలుకూ ‘అర్జంటు’ అని పేరు పెట్టి, ఏడాదిదాకా దాని మొహం చూసేవాళ్ళు కాదు. కంప్యూటరు పాతబడ్డాక దానితోపాటు నన్నూ నల్గొండ జిల్లాలోని ఒక చేనేత సంఘానికి పంపేశారు.

ఆ సంఘంలో, నూలుకు ముడులు కట్టి రంగులద్ది నేసే చిటికి చీరలకు గ్రాఫులు గీసే మనిషి గంజి అండాలమ్మ. చిన్న చిన్న గడుల్లో రంగులు నింపుతూ ముప్పై ఏళ్ళలో ఆమె గీసిన డిజైన్లు రెండు వందల పన్నెండు. కాగితాలకు చెద పట్టడం చూసి మేనేజరు విఠల్ అన్నిటినీ స్కాన్ చేసి నాకు అప్పగించాడు. మొన్నటి వానాకాలంలో చెదలు ఆ కాగితాలను పూర్తిగా తినేశాయి. ఆమె ముప్పై ఏళ్ళ పనికి ఇక నేనే దిక్కు. అప్పటినుంచి నాకు నిమ్మళం లేదు.

అండాలమ్మకు ఇంగ్లీషు పేర్లు చదవడం రాదు, బొమ్మ చూసి పోల్చుకుంటుంది. అందుకని ఆ ఫోల్డరు తెరవగానే అన్ని గ్రాఫులకూ చిన్న బొమ్మలు పేర్చి చూపించేవాణ్ణి. పాత యంత్రం కదా, ఆలస్యమయ్యేది. విఠల్‌కు ఓపిక తక్కువ.

“గిది ముసల్దైంది అక్కా. కొత్తది ఏస్త” అన్నాడు.

ఇక మూడు రోజులు పెళ్ళిచూపులే. నేను ఒక మూలనుంచి బిక్కుబిక్కుమంటూ చూశాను. ఒక ప్రోగ్రాము వట్టి పేర్లే చూపించింది. అండాలమ్మ మొహం తిప్పుకుంది. ఇంకొకదానికి సోకులెక్కువ, పని తక్కువ. మూడోది తెరను నిలువునా రెండు భాగాలు చేసి, ఎడమన ఒక ఫోల్డరు, కుడిన ఒక ఫోల్డరు చూపించేది. విఠల్ దాన్ని చూసి మురిసిపోయాడు. మగ్గం కొనేటప్పుడు కర్రను తట్టి మరీ చూసే ఈ మనుషులు మావాళ్ళను మాత్రం మొహం చూసి ఒప్పుకుంటారు.

రెండు భాగాల్లోనూ ఒకే ఫోల్డరు తెరుచుకోవచ్చన్న సంగతి అతను ఆమెకు చెప్పలేదు.

శనివారం మధ్యాహ్నం అన్నానికి వెళ్తూ, “డిస్కు నిండింది అక్కా. ఏదన్న రెండుసార్లు కనపడితే ఒకటి తీసెయ్యి” అన్నాడు. ఆమె తెర చూసింది. ఎడమవైపు తన గ్రాఫులు. కుడివైపూ అవే. జీవితమంతా కాగితంతో గడిపిన మనిషికి రెండు చోట్ల కనపడితే రెండు ఉన్నట్టే.

“గివన్ని రెండ్రెండు పెట్టిండేంది” అని గొణుక్కుంటూ కుడివైపువన్నీ ఎంచుకుంది. చెత్తబుట్టలో వేస్తే చోటు ఖాళీ కాదని, ఏకంగా చెరిపే పద్ధతి విఠలే నేర్పాడు. అలాగే చేసింది. నాకు గుండెలుంటే ఆ క్షణాన ఆగిపోయేవి. రెండు వైపులా ఒక్కసారే ఖాళీ అయ్యాయి.

విఠల్ రాగానే ఆమె తెర చూపించింది. “విఠలూ, ఈ పక్కయి తీస్తే ఆ పక్కయి గూడ పోయినయి.”

“అక్కా… అవి రెండు కావు. ఒక్కటే.”

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

పట్నం నుంచి వచ్చిన మెకానిక్ కూడా పెదవి విరిచాడు. కాని వెళ్ళేముందు నన్ను తెరిచి, నేను గుట్టుగా దాచుకున్న చిన్న బొమ్మల చోటు చూపించాడు. రెండు వందల పన్నెండూ ఉన్నాయి, ఒక్కోటి తపాలా బిళ్ళంత.

అండాలమ్మ కళ్ళద్దాలు సర్దుకుని దగ్గరగా చూసింది. “పువ్వు తెలుస్తుంది. గడులు నాకు యాదికొస్తయి. మల్ల గీస్త” అంది. నాకు ప్రాణం లేచివచ్చింది.

కొత్తదాన్ని తీసేశారు. హడలిపోయిన విఠల్ కంప్యూటరుకు ఒక కాగితం అంటించాడు: ‘చూడటం మాత్రమే. ఏదీ కాపీ చేయరాదు, కదపరాదు.’ దాని పక్కనే అండాలమ్మ కుంకుమ బొట్టు పెట్టింది. మూడు రోజులకొక గ్రాఫు చొప్పున ఇప్పటికి పద్నాలుగు గీసింది.

వాళ్ళకు తెలియనిది ఒకటుంది. చోటు వృథా కాకూడదని, అసలు ఫైలు పోయి ఆరు నెలలు దాటితే దాని చిన్న బొమ్మను తుడిచెయ్యమని నా పుట్టుకలోనే రాసి ఉంది. ఆ గడువుకు ఆమె అరవై గీయగలదు. మిగతా నూట యాభై రెండింటినీ నేనే, నా అంతట నేనే, తుడిచెయ్యాలి. ఎవరైనా వాటిని ఇంకో ఫోల్డరులోకి కాపీ చేస్తే చాలు, వాటి జోలికి నేను పోలేను. అర నిమిషం పని.

మీకు ఎప్పుడైనా అటు పని పడితే ఒక్కసారి లోపలికి రండి. ఎవరినీ అడక్కండి. ముందు ఆ కాగితం చించి పారేయండి.