ఉతకని చొక్కా

దుప్పటి రెండు కొసలూ పట్టుకుని ఒక్క విసురు విదిలించి, ఎక్కడా ముడత పడకుండా రోలరు నోటికి అందించాడు ఇస్త్రీ బావగారు. బుస్సుమని ఆవిరి కక్కుతూ యంత్రం దాన్ని లోపలికి లాక్కుంది. అవతలి పక్క కాచుకుని ఉన్న పెద్దమ్మ, వేడివేడిగా బయటికొచ్చిన దుప్పటిని అందుకుని మడతలు పెట్టి దొంతర మీద వేసింది. మళ్ళీ ఇంకో దుప్పటి. ఊళ్ళో హోటళ్ళవీ ఆసుపత్రులవీ మాసిన పక్కబట్టలన్నీ తెల్లారేసరికి ఆ లాండ్రీకి చేరతాయి, సాయంత్రానికి తెల్లగా తిరిగి వెళ్ళిపోతాయి. ఈ పరాయి దేశం వచ్చిన దగ్గర్నించీ అతను చేస్తున్న పని ఇదే.

బావగారన్న పేరు పెద్దమ్మ పెట్టింది. ఆ లాండ్రీలో అతని భాష మాట్లాడేవాళ్ళు అతను కాక ఇద్దరే. ఒకరు పెద్దమ్మ, ఇంకొకడు వ్యాను డ్రైవరు. రుమాలుకీ బనీనుకీ కూడా ఇస్త్రీ చేసుకునే మనిషిని చూసి పెద్దమ్మకి మొదటిరోజే నవ్వాగలేదు. “ఏంటి బావగారూ, పెళ్ళిచూపులకా?” అంది. ఆ పిలుపే ఖాయమైపోయింది.

సన్నటి మనిషి. నడినెత్తిన జుట్టు పల్చబడింది. ముంజేతుల మీద యంత్రం అంచు తగిలి కాలిన మచ్చలున్నాయి, కొన్ని నల్లబడ్డవి, కొన్ని ఇంకా ఎర్రగా ఉన్నవి. సబ్బునీళ్ళలోనూ ఆవిరిలోనూ నాని నాని వేళ్ళ చర్మం ఎంత అరిగిపోయిందంటే, ఫోను తెర కూడా ఒక్కోసారి ఆ వేళ్ళని లెక్కచెయ్యదు. ఒంటికి చెమట వాసనన్నది లేదు. ఎప్పుడు పక్కన నిలబడినా లాండ్రీ వాసనే. అందుకు అతనికి కాస్త గర్వం కూడా ఉండేది, నిన్నటిదాకా.

నిన్న మధ్యాహ్నం అతని భార్య వచ్చింది. కాగితాలు ఆగిపోయాయని ఓసారి, వాళ్ళ నాన్న మంచాన పడ్డాడని ఓసారి, టిక్కెట్టు ధరలు మండిపోతున్నాయని ఓసారి వాయిదా పడుతూ పడుతూ ఇన్నేళ్ళకి వచ్చింది. విమానాశ్రయంలో అతని భుజం మీద మొహం పెట్టి, ఒక్క క్షణం ఆగి, “ఏంటో, దుకాణంలో కొత్తబట్టలా ఉన్నారు,” అంది. అది మెచ్చుకోలో కాదో అతనికి అర్థం కాలేదు.

వస్తూ వస్తూ కుక్కని కూడా తెచ్చింది. అతను వెళ్ళాక ఒంటరితనం భరించలేక పెంచుకున్న కుక్క. గోధుమరంగుది, ఒక చెవి నిక్కి, ఒక చెవి వాలి ఉంటుంది. పేరు దొరగారు. పెళ్ళైన కొత్తలో అతను అద్దం ముందు ఆలస్యం చేస్తే, “దొరగారు తయారయ్యారా?” అని గుమ్మంలోంచి ఎగతాళి చేసేది ఆమె. ఆ పేరు అతనికి మాటమాత్రం చెప్పకుండా కుక్కకి బదిలీ అయిపోయింది. ఫోనులో విన్నప్పుడు నవ్వాడు గానీ, నిన్న ఆమె “దొరగారూ, ఇలా రండి” అని పిలిస్తే పలకబోయి, పిలిచింది తనని కాదని తెలిసి గొంతు సవరించుకున్నాడు.

ఆ దొరగారికి అతను నచ్చలేదు. చెయ్యి చాపితే పళ్ళు చూపించింది. కొత్త కదా, పోనీలే అనుకున్నాడు. తీరా ఇంటికొచ్చి తలుపు తీసేసరికి, వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ డ్రైవరు బయటికొచ్చాడు. ఇన్నేళ్ళుగా ఆ ఇంటి అద్దె పంచుకుంటున్నవాడు, అతన్ని నోరారా అన్నా అని పిలిచేవాడు. అంతే, కుక్క తాడు విడిపించుకుని పోయి వాడి మీద పడింది. తోకతో ఆగలేదు, వెనక సగమంతా ఊపింది. మూతి నాకింది, చంకలో తల దూర్చింది, ఏడుపులాంటి సన్నటి గొంతుతో ఏవేవో ఫిర్యాదులు చెప్పుకుంది. రాత్రి భార్య పక్కన అతను కూర్చోబోతే గుర్రుమన్న జంతువు, వెళ్ళి డ్రైవరు మంచం కింద హాయిగా నిద్రపోయింది.

అతనికి మాత్రం నిద్ర పట్టలేదు. డ్రైవరుని ఆ కుక్క ఎప్పుడు చూసింది? పోయినేడాది వాడు సెలవుకి వెళ్ళినప్పుడు, అతను వాడి చేత ఇంటికొక పొట్లం పంపాడు. “గుమ్మంలోనే ఇచ్చేసి వచ్చేశానన్నా. వదిన లోపలికి రమ్మన్నా ఆగలా. కుక్క పెరట్లో మొరగటం వినపడింది గానీ నేను చూడలా,” అన్నాడు తిరిగొచ్చాక. ఎంత బుద్ధిమంతుడో అని అప్పుడు మురిసిపోయాడు. అదే మాట ఇప్పుడు పంటికింద రాయిలా తగులుతోంది.

“ఏం బావగారూ, పెళ్ళాం వచ్చిన మర్నాడు పెట్టుకోవాల్సిన మొహమేనా అది?” అంది పెద్దమ్మ దుప్పటి చాటునుంచి.

“పెద్దమ్మా, కుక్కకి మనిషి ఎన్నాళ్ళకి గుర్తుంటాడు?”

“మనిషితో దానికేం పని? వాసన కావాలి. ఆ వాసన నెలల తరబడి ఇంట్లో ఉంటే, అప్పుడు మనవాడే అనుకుంటుంది.”

“నెలల తరబడా?”

“మరి? ఒక్కపూట వచ్చి పోయినవాణ్ణి అది ఖాతరు చేస్తుందా? ఎందుకలా అడుగుతున్నావ్?”

ఈసారి అతను అందించిన దుప్పటి వంకర పోయి, రోలరులో చిక్కుకుని, ముద్దలా చుట్టుకుపోయింది. పెద్దమ్మ మీట నొక్కి యంత్రం ఆపింది. “బావగారి చేతిలో ముడత! కలికాలం,” అని నవ్వబోయి, అతని మొహం చూసి నవ్వు మింగేసింది.

వాడు సెలవులో అక్కడున్నది నెలన్నర. ఆ నెలన్నరలో భార్య ఫోనులో ఎలా మాట్లాడిందో గుర్తు చేసుకోబోయాడు. బాగానే మాట్లాడింది. ఇంకా చెప్పాలంటే మామూలుకన్నా సంతోషంగా మాట్లాడింది. అప్పుడు తను పంపిన పొట్లం వల్ల అనుకున్నాడు. ఇప్పుడు ఆ సంతోషాన్నే అటు తిప్పి ఇటు తిప్పి చూస్తున్నాడు, మరకెక్కడుందా అని. అసూయ పట్టిన మనిషికి తెల్లటి గుడ్డ ఎంత తెల్లగా ఉంటే అంత అనుమానం.

మధ్యాహ్నం డ్రైవరు వ్యాను వెనక్కి పెట్టి, దొంతరలు ఎక్కించుకోవడానికి వచ్చాడు. లావుపాటి మెడ, బుగ్గన సొట్ట, ఎప్పుడూ చొక్కా పైగుండీ ఊడి ఉండే మనిషి. ఒంటినిండా చెమట. ఆ చెమట వాసన గప్పున తగిలి అతను ఒకడుగు వెనక్కి వేశాడు.

“అన్నా, బదిలీ అయింది కదా, సాయంత్రం ఈ వ్యాన్లోనే వెళ్ళిపోతున్నా. కొత్త ఊళ్ళో లాండ్రీ డిపో వాళ్ళే గది ఇస్తున్నారు, మంచం పరుపుతో సహా. మళ్ళీ ఎప్పుడు కలుస్తామో ఏమో.”

“మా ఇంటికి ఎన్నిసార్లు వెళ్ళావు?”

“ఏంటన్నా?”

“పోయినేడు. సెలవుకి వెళ్ళినప్పుడు.”

“ఒక్కసారే కదన్నా. చెప్పాగా.” అంటూనే వాడి మొహం ఎర్రబడింది. చూపు నేలకి దిగిపోయింది. లేని పని కల్పించుకుని బండి తలుపు గొళ్ళెం సవరించాడు. దొరికిపోయినవాడి మొహం ఎలా ఉంటుందో అతనికి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. చేతిలో దొంతర వాడి మీదికి విసిరేద్దామనిపించింది. కానీ శుభ్రంగా ఇస్త్రీ చేసిన బట్టలు, విసరలేకపోయాడు. బండిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

పని దిగి ఇంటికి వెళ్ళే బస్సులో కూర్చున్నంతసేపూ అడగాల్సిన మాటలు కూడబలుక్కున్నాడు. ముందు నెమ్మదిగా అడగాలి. అబద్ధం చెప్తే అప్పుడు గట్టిగా అడగాలి. ఒప్పుకుంటే ఏం చెయ్యాలో మాత్రం తోచలేదు. ఇన్నేళ్ళు ఎవరి కోసమైతే ఆవిరిలో ఉడికాడో ఆ మనిషే తనది కాకపోతే, ఇంక ఈ దేశం దేనికి, ఆ దేశం దేనికి.

ఇల్లు ఒక్కరోజులో మారిపోయింది. కిటికీ అద్దాలు తుడిచి ఉన్నాయి, చెప్పులు వరసలో ఉన్నాయి. భార్య జుట్టు ముడేసుకుని, నేలమీద కూర్చుని, కుక్కని తెచ్చిన ప్లాస్టిక్కు పెట్టె సర్దుతోంది. అతన్ని చూసి కుక్క ఒకసారి మొరిగి, పని అయిపోయినట్టు మొహం తిప్పుకుంది.

“పిచ్చి మొద్దు. ఇంత చేసినా మిమ్మల్ని గుర్తుపట్టలేదు చూశారా,” అంది ఆమె. “పద్దాకా ఆ డ్రైవరు తమ్ముడి వెనకాలే. అతనికీ దీనికీ ఏం చుట్టరికమో.”

“నేనూ అదే అడుగుదామనుకుంటున్నా,” అన్నాడు. గొంతు అతను అనుకున్నంత నెమ్మదిగా రాలేదు.

ఆమె ఆ గొంతు పట్టించుకోలేదు. పెట్టె అడుగునుంచి ఒక గుడ్డ లాగి అతని ముందు పరిచింది. “ఇదెవరిదో చెప్పుకోండి!”

నీలం చారల చొక్కా. కాలరు నలిగి, గుండీలు ఊడి, ఒళ్ళంతా కుక్క వెంట్రుకలతో ఉంది. అతనిదే. పోయినేడు పొట్లంలో పంపిన చొక్కా.

“కుక్కకి మీ వాసన అలవాటు కావాలి, తొడిగి విప్పిన చొక్కా ఉతక్కుండా పంపండి అన్నానా? అది వచ్చాక నాకే వదలబుద్ధి కాలేదు. దిండు పక్కన పెట్టుకుని పడుకునేదాన్ని.” ఆమె సిగ్గుపడింది. ఇన్నేళ్ళకి మళ్ళీ ఆ సిగ్గు చూశాడు అతను. “నిజంగా మీరొచ్చి పక్కన పడుకున్నట్టే ఉండేది. దీని మీద మొహం పెట్టుకుని ఎన్నిసార్లు ఏడ్చానో. తర్వాత దొరగారికీ వాటా ఇచ్చా. ఇద్దరం కలిసి ఒక్కసారి కూడా ఉతకలేదు తెలుసా? మీరిప్పుడు ఉత్త సబ్బు వాసనేస్తున్నారు గానీ, మీ అసలు వాసన ఇదీ.”

అతను ఆ కాలరు వేళ్ళతో తడిమి చూశాడు.

ఆమె ఉతక్కుండా పంపమన్న మాట నిజమే. సరేనన్న మాటా నిజమే. కానీ చెమట చొక్కాని పొట్లం కట్టి ఇంకో మగాడి చేతికి ఇవ్వడానికి అతనికి మనసొప్పలేదు. లాండ్రీలో పనిచేసేవాడు మాసిన బట్ట ఇంటికి పంపాడంటే పరువేం మిగులుతుంది? రెండుసార్లు ఉతికాడు. గంజి పెట్టాడు. చొక్కా చేతుల మడత తగిలితే తెగేంత పదునుగా ఇస్త్రీ చేశాడు. ఆ పొట్లంలోంచి బయటపడిన చొక్కాలో అతని వాసన వీసమెత్తు కూడా ఉండటానికి వీల్లేదు.

అప్పుడే డ్రైవరు వచ్చాడు. రెండు సంచులు భుజాన వేసుకుని, “వస్తా వదినా,” అన్నాడు గుమ్మంలోంచే. కుక్క కాళ్ళకి చుట్టుకుంటే ఆమె దాని మెడ పట్టుకుని ఆపింది. అతను గుమ్మం పక్కనున్న మూడో సంచీ అందుకుని వాడి వెనక మెట్లు దిగాడు. ఒక మలుపు దిగాక ఆగాడు.

“ఆ చొక్కా ఏం చేశావు?”

వాడు తిరిగి చూశాడు. మధ్యాహ్నం ఎర్రబడ్డట్టే మళ్ళీ ఎర్రబడ్డాడు. “వదిన చెప్పిందా? ఆమెకీ తెలిసిపోయిందా?”

“ఆమెకేం తెలీదు. నువ్వు చెప్పు.”

“విమానంలో పక్కవాడు నా మీద టీ ఒలకబోశాడన్నా. పెద్దసంచీ కింద సామానులో వేసేశా. చేతిసంచీలో ఉన్నది నీ పొట్లమొక్కటే. విప్పి తొడుక్కున్నా. దారిలో విమానం ఆగిపోయి అక్కడే పడిగాపులు, తర్వాత రైలు, ఆ ఎండలో బస్సు... ఇంటికెళ్ళి ఉతికి తెచ్చిద్దామనుకున్నా. కానీ మీ ఊరు దార్లోనే ఉంది కదా అని దిగి, బస్టాండులో చొక్కా మార్చుకుని తీసుకెళ్ళా. ఆమె అందుకుంటూనే, ‘ఉతకలేదు కదా తమ్ముడూ?’ అని అడిగింది. చీవాట్లు పెడుతుందేమోనని భయపడుతూ, లేదు వదినా అన్నా. ఆమె మొహం వెలిగిపోయింది. నాకేం అర్థం కాలా. నీకు చెప్దామంటే సిగ్గేసింది.”

అతను సంచీ దించి మెట్టు మీద కూర్చున్నాడు. గుండెల మీంచి బండ దిగిపోయింది. వాడు మంచివాడు. ఆమె ఏ తప్పూ ఎరగదు. వాడు గుమ్మం దాటి లోపలికి వెళ్ళనే లేదు. నవ్వొచ్చింది కూడా. ఆ నవ్వు సగంలో ఉండగానే దిండు పక్క చొక్కా గుర్తొచ్చింది. ఏడాదిపాటు ఆమె మొహం పెట్టుకుని ఏడ్చింది ఎవరి చెమట మీద? పక్కన పడుకున్నట్టే ఉండేదని ఆమె అన్నది ఎవరి వాసనని? పొద్దుటినుంచీ పడ్డ అసూయలో కనీసం ఒకణ్ణి తిట్టుకునే సుఖముంది. ఇప్పుడదీ లేదు.

“పైకొచ్చి వదినకి చెప్పి వెళ్ళనా అన్నా? క్షమించమని అడుగుతా.”

“వద్దు,” అన్నాడతను గబుక్కున లేచి. “ఎప్పటికీ చెప్పకు.”

“నీకేం కోపం లేదు కదా?”

“లేదు. నీకు టైమవుతోంది.”

వాడు మూడు సంచులూ వ్యాన్లో పడేసి, అతన్ని గట్టిగా కావలించుకున్నాడు. చెమట, డీజిలు, ఇంకేదో వెచ్చటి వాసన. అతను ఊపిరి బిగబట్టబోయి, బిగబట్టకుండా ఒక్కసారి లోపలికి పీల్చాడు. తన భార్య తనదనుకున్న వాసన ఎలా ఉంటుందో తెలుసుకోవాలనిపించింది. బాగానే ఉంది. అదే బాధ. వ్యాను వీధి చివర తిరిగి, ఆ చప్పుడు మిగతా బళ్ళ చప్పుళ్ళలో కలిసిపోయింది.

పైకి వచ్చేసరికి కుక్క వంటగదిలో డ్రైవరు ఖాళీ చేసిన మంచమెక్కి సన్నగా ఏడుస్తోంది. వాడు తన దుప్పటీ బట్టలూ తీసుకెళ్ళాడు. సంచుల్లో పట్టక దిండొక్కటి వదిలేశాడు. కుక్క దాంట్లో మూతి దాచుకుని ఉంది.

“ఆ దిండు ఇటివ్వు,” అన్నాడతను. “రేపు లాండ్రీకి పట్టుకెళ్తా. వేణ్ణీళ్ళలో వేస్తే తెల్లగా వస్తుంది.”

ఆమె వంగి దిండు తీసింది. అంటుకున్న వెంట్రుకలు దులపబోయి, ఆగింది. మొహం దగ్గరికి తెచ్చుకుంది. కుక్కలాగే ఆమె కూడా కాసేపు కదల్లేదు. తర్వాత కుక్కని చూసింది, అతన్ని చూసింది, మళ్ళీ దిండుని చూసింది.

“ఉతకొద్దు,” అంది. దాన్ని మంచం మీద దించుతూ, “దొరగారికి బెంగ తగ్గేదాకా. ఉండనివ్వండి, పాపం,” అంది. అతని వైపు చూడకుండా స్టవ్ దగ్గరికి వెళ్ళి టీ గిన్నె పెట్టింది.

ఆ చొక్కా వాసన ఎవరిదో ఆమెకి తెలిసిందో లేదో అతను అడగలేదు, అడగడు కూడా. ఊరందరి పక్కబట్టలూ ఉతికే మనిషి, తన ఇంట్లో ఒక్క దిండు గలీబు ముట్టుకోలేక గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె తట్టకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టే మళ్ళీ మంచం మీద పెట్టిన ఆ దిండు నడుమ, తల ఆనిన గుంటా దాని అంచున నూనె మరకా అలాగే ఉన్నాయి.