ఇరవై రూపాయల మనియార్డరు

కమిషన్ అనే మాట వింటే మా ఆయన ఇమ్మానుయేల్‌కు ఒళ్లు మండుతుంది. పుణెలో సెంట్రింగ్ పని చేస్తూ నెలనెలా మా ఊరు అమరచింతకు, నా పేర వెయ్యి రూపాయలు మనియార్డరు చేసేవాడు. దానికి పోస్టాఫీసు యాభై తీసుకునేది. ఆ యాభై తలుచుకుంటే అతనికి అన్నం సహించేది కాదట.

ఆ ఫారం అడుగున నాలుగు ముక్కలు రాయడానికి కొంచెం జాగా ఉంటుంది. ఇమ్మానుయేల్ అక్కడ రాసేవాడు. నాకు చదువు రాదు. పోస్ట్‌మ్యాన్ శాంతయ్య మామ గడపలో నిలబడి చదివి వినిపించేవాడు. "సిమెంటుకు చెయ్యి పొక్కింది, ఇప్పుడు నయం." "నీ గోంగూర తొక్కు అయిపోయింది." పైసలు తర్వాత, ముందు ఆ కాగితం దాచుకునేదాన్ని.

రెండువేల ఆరులో క్రిస్మస్‌కు వచ్చి, నన్ను వనపర్తి తీసుకెళ్లి బ్యాంకులో ఖాతా తెరిపించాడు. ఏటీఎం కార్డు చేతిలో పెట్టాడు.

"ఇగ కమిషన్ లేదు. నేనాడ ఏస్త, నువ్వీడ తీసుకో."

వనపర్తి పోయి రావడానికి బస్సుకే నలభై అవుతుందన్నాను. పది మిగులుతుంది కదా అన్నాడు.

మొదటిసారి మిషను డబ్బుతోపాటు చిన్న కాగితం ఇచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. నలగకుండా తెచ్చి శాంతయ్య మామకిచ్చాను. తారీకు, తీసిన పైసలు, మిగిలిన పైసలు చదివాడు.

"ఇంకేం రాసిండు మామా?"

"ఇది మిషను రాసింది బిడ్డా. మీ ఆయన రాయలే."

"ఎనక చూడు."

వెనక బ్యాంకు లోను ప్రకటన ఉంది. పాపం, అదీ చదివాడు.

ఫోను లేదా అంటారు. ఉంది. ఆదివారం బాలమణి కిరాణా కొట్టుకు చేస్తాడు. "పైసలు పడ్డయా? మంచిగున్నవా? నిమిషం దాటుతుంది, పెట్టేస్తున్న." మంచిగా లేనని చెప్పే వ్యవధి కూడా ఇవ్వడు. కొన్నాళ్లు ఏడుపొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. కోపమే నిలిచింది.

వేసవిలో, మిషను ఇచ్చిన పైసల్లోంచి ఇరవై తీసి పుణెకు మనియార్డరు చేశాను. కమిషన్ రూపాయి. రాసే జాగాలో శాంతయ్య మామ చేత రాయించాను: "నీ పైసలు అందుతున్నయి. నువ్వే అందుతలేవు."

ఆదివారం ఫోనులో మండిపడ్డాడు. "నా పైసలు నాకే పంపుతవా? పైకెల్లి రూపాయి దండగ?" నిమిషం దాటింది. రెండో నిమిషం కూడా తిట్టాడు. నాకు హాయిగా ఉంది.

తర్వాత కొన్నాళ్లకు ఆ ఇరవై తిరిగి మనియార్డరులో వచ్చాయి. రూపాయి కట్టాడు కాబట్టి ఇమ్మానుయేల్ జాగా వృథా చేయలేదు. చీమలంత అక్షరాలతో అంచుల దాకా నింపాడు. శాంతయ్య మామ కాగితం తిప్పుకుంటూ చదివాడు. మేస్త్రి మారాడట. రేకుల షెడ్డు కురుస్తోందట. రూపాయి దండగ అని రెండుచోట్ల ఉంది. చివరి మూలకు వచ్చి మామ గొంతు సవరించుకున్నాడు.

"ఇది నువ్వే చదువుకోరాదు బిడ్డా?"

"నాకొస్తే నీతోని ఎందుకు చదివిస్త? చదువు."

ఆయన వీధి వైపు తిరిగి చదివాడు.

"రెబెకా, నువ్వు యాదికొస్తే నిద్ర పడ్తలేదు. ఫోన్ల చెప్పనీకి సిగ్గైతది, పక్కపొంటి మంది ఉంటరు."

ఇంకోసారి చదవమన్నాను.