ఒకరు నీళ్ళలో, ఒకరు ఒడ్డున

ఓడ బ్రిడ్జ్‌టౌన్ రేవులో లంగరు వేసేసరికి ఏడున్నర. పైఅంతస్తులో టిఫిన్ల దగ్గర మిగ్దాలియా పళ్ళెంలోని గుడ్లను ఫోర్కుతో పొడుస్తూ, ఎదురుగా కూర్చున్న ముసలావిడతో తేల్చి చెప్పేసింది.

"ఇవాళ కూడా రానన్నాడంటే ఇక చచ్చినా అడగను, డోన్యా ప్రొవీ. ముప్పై ఏళ్ళు అడిగాను, చాలు."

"ఏమని?"

"నాతోపాటు సముద్రంలోకి దిగమని."

డోన్యా ప్రొవీ కప్పు కింద పెట్టింది. ఓడ కాఫీ గిన్నెలు కడిగిన నీళ్ళలా ఉంటుందని ఆవిడ తన ఊరు పోన్సే నుంచి తన పొడి తానే డబ్బాలో తెచ్చుకుంటుంది. వయసు ఎనభై ఒకటి, ఇది పదిహేడో ఓడ ప్రయాణం. కోర్టులో గుమాస్తాగా ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసింది కనుక ఎవరేం చెప్పినా ముందు నమ్మదు. శాన్ హువాన్‌లో ఓడ ఎక్కిన రాత్రి భోజనాల బల్ల దగ్గర కలిసి, మిగ్దాలియాను కూతురిలా దగ్గరకు తీసింది.

"మీ ఆయన మంచివాడిలాగే కనిపిస్తున్నాడే. నీ సంచీ మోస్తాడు, నీ కుర్చీ లాగుతాడు."

"అన్నీ చేస్తాడు. నీళ్ళలోకే రాడు. బ్యాగుకి కాపలా ఎవరంటాడు."

ఆ బ్యాగు కథ పాతది. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ లుకీయో తీరానికి వెళ్ళారు. మిగ్దాలియా ఈత కొడుతుంటే భర్త హెరిబెర్తో ఒడ్డున బ్యాగు దగ్గర కూర్చున్నాడు. తిరిగి వచ్చి చూస్తే మొగుడున్నాడు, బ్యాగు లేదు. చెప్పులు, తాళాలు, డబ్బు అన్నీ పోయాయి. తడి బట్టలతో, వట్టి కాళ్ళతో, ఎవరినో చార్జీ అడుక్కుని బస్సెక్కి బయమోన్‌లోని ఇంటి దాకా వచ్చారు. కునుకు తీశావు కదూ అని ఆమె అడిగితే అతను తల వంచుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ రోజే ఒక నియమం పెట్టాడు: ఇకమీదట ఒకరు నీళ్ళలో, ఒకరు ఒడ్డున. ప్రతి క్రిస్మస్‌కీ చుట్టాలందరి ముందూ మిగ్దాలియా ఆ నిద్ర కథ చెబుతుంది, అందరూ పడీపడీ నవ్వుతారు, అతనూ నవ్వుతాడు.

మిగ్దాలియా ఫహార్దోలో చేపలు పట్టేవాడి కూతురు. నడక కంటే ముందు ఈతే నేర్చిందని అక్కడ చెప్పుకుంటారు. సముద్రంలో మెడలోతు నీళ్ళలో నిలబడి కబుర్లు చెప్పుకునే జంటలను చూసినప్పుడల్లా ఆమె చూపు తిప్పుకునేది. అసూయే అది, వేరే పేరు పెట్టి లాభం లేదు. ఈ మనిషికి నా పక్కన నీళ్ళలో పావుగంట నిలబడటం కూడా ఇష్టం లేదా అని ఏళ్ళుగా లోపల్లోపల నలుగుతోంది. ముప్పయ్యో పెళ్ళిరోజుకని ఈ ప్రయాణం పెట్టుకున్నారు. ఇవాళ ఆఖరుసారి అడగాలనుకుంది.

పదింటికి కార్లైల్ బే ఇసుకలో రెండు కుర్చీలు, ఒక గొడుగు అద్దెకు తీసుకున్నారు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, పెద్ద అలలు లేవు. హెరిబెర్తో కుర్చీని కాస్త పక్కకు జరిపి, బ్యాగు పట్టీని కాలికి చుట్టుకుని కూర్చున్నాడు.

"పిల్లా, ముందు నువ్వు పోయిరా. నా వంతు తర్వాత."

అడగటం తర్వాతకని ఆమె వెళ్ళి ఈత కొట్టి వచ్చింది. అరగంటలో అతని వంతు వచ్చింది. ఎప్పటిలాగే తువ్వాలు భుజాన వేసుకుని, ఒడ్డుకు లాగిన పడవల అవతలికి నడిచి వెళ్ళాడు. పదినిమిషాల్లో జుట్టు తడుపుకుని తిరిగొచ్చాడు.

"అబ్బ, నీళ్ళు బ్రహ్మాండం!"

"ఇటువైపు ఏం లోటొచ్చింది? అంత దూరం ఎందుకు?"

"అక్కడ జనం తక్కువ."

పన్నెండు దాటాక వెడల్పాటి టోపీ పెట్టుకుని డోన్యా ప్రొవీ అక్కడికి వచ్చింది. ఓడ ఎక్కే ముందే ఆవిడ సెలూన్‌లో జుట్టు సాపు చేయించుకుంది, అది చెడిపోతుందని పదిహేడు ప్రయాణాల్లో ఒక్కసారీ సముద్రంలో కాలు పెట్టలేదు. వచ్చీ రాగానే కుర్చీలో చతికిలబడి హెరిబెర్తో కాలికున్న పట్టీని విప్పేసింది.

"ఇలా ఇవ్వు నాయనా. సాక్ష్యాల బీరువా తాళాలు నా దగ్గరుండేవి, ఒక్క గుండుసూది పోలేదు. ఇద్దరూ వెళ్ళి స్నానం చేసి రండి."

హెరిబెర్తోకు దొంగకు తేలు కుట్టినట్టయింది.

"మీకెందుకు శ్రమ..."

"శ్రమేముంది? ఎలాగూ కూర్చునేదాన్ని."

"అంటే... ఇప్పుడే శాండ్‌విచ్ తిన్నాను. తిని నీళ్ళలో దిగితే పక్షవాతం వస్తుందంటారు."

"నువ్వు తిని గంటన్నర అయింది," అంది మిగ్దాలియా.

"నడుం కూడా పొద్దుట్నించీ పట్టేసింది."

"అబ్బాయ్, కోర్టులో ఇంతకంటే మంచి సాకులు విన్నాను," అంది డోన్యా ప్రొవీ. "సత్యం చెప్పు, శిక్ష తగ్గుతుంది."

అతను బ్యాగు పట్టీని మళ్ళీ అందుకోబోయాడు. మొండివాడు రాజుకంటే బలవంతుడని మిగ్దాలియాకు తెలుసు, మొండివాడితోనే కాపురం చేస్తోంది. కానీ ఇది మొండితనంలా అనిపించలేదు. ఎదురుగా ఖాళీ సముద్రం ఉంది, బ్యాగుకు కాపలా ఉంది, అయినా రావటం లేదు. ఇక మిగిలిన కారణం తనే.

"వదిలెయ్యండి, డోన్యా ప్రొవీ. ఆయనకి నా పక్కన ఉండటం ఇష్టం లేదు. తెలిసింది కదా, అయిపోయింది."

అరవలేదు, ఏడవలేదు. లేచి నీళ్ళ వైపు నడిచింది. ఆ నడకలో తొందర కూడా లేదు, అదే హెరిబెర్తోను భయపెట్టింది. చెప్పులు వదలకుండానే ఇసుకలో తడబడుతూ వెంట పరిగెత్తి, తడి ఇసుక మొదలైన చోట ఆగిపోయాడు.

"మిగ్దా! నాకు ఈత రాదు."

ఆమె మోకాలి లోతులో ఆగి వెనక్కి తిరిగింది.

"ఏంటీ?"

"ఈత. రాదు. ఎప్పుడూ రాదు. నేను హయూయా కొండల్లో పుట్టాను, మా ఊళ్ళో నీళ్ళంటే కొళాయి, వాన, అంతే."

"మరి ఇందాక?"

"పడవల వెనక కూర్చుని తల తడుపుకున్నాను."

"తర్వాత లుకీయో వెళ్ళినప్పుడు?"

"అక్కడ రాళ్ళ చాటు."

"కులేబ్రా తీరంలో రాళ్ళు లేవే!"

"అక్కడ కొళాయి ఉంది."

మిగ్దాలియాకు ముందు నవ్వొచ్చింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ వెనకే కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళు ఒక మనిషి జుట్టు తడిని నమ్మింది, ఒక్కసారి పడవల వెనక్కి వెళ్ళి చూసిన పాపాన పోలేదు.

"సిగ్గు లేదా నీకు? ఒక్క మాట చెబితే నోరు పడిపోయేదా?"

"మీ నాన్న పెళ్ళికి ముందు అడిగిన మొదటి మాటే అది. 'ఏరా కొండోడా, ఈతొచ్చా?' అన్నాడు. నువ్వక్కడే ఉన్నావు. వచ్చన్నాను. తర్వాత ఎలా మార్చను?"

"నాతో అయినా చెప్పొచ్చుగా! నేనంటే ఇష్టం లేదేమోనని ఎన్నేళ్ళు ఏడ్చానో తెలుసా, ముసలోడా?"

కాళ్ళ మీదికి వచ్చిన చిన్న అలకు హెరిబెర్తో ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమె అది చూసింది. ఎన్నాళ్ళ నుంచో అలా అడుగు వెనక్కి వేస్తూనే ఉండి ఉంటాడు, తను ఎప్పుడూ నీళ్ళ వైపే తిరిగి ఉండటంతో కనిపించలేదు.

"లుకీయోలో నేను నిద్రపోలేదు," అన్నాడు.

"మరి?"

"ఒక పెద్ద అల వచ్చింది. నీ తల కనపడలేదు. బ్యాగొదిలేసి నీళ్ళ దాకా పరిగెత్తాను. అక్కడ కాలు ముందుకు పడలేదు, మిగ్దా. నువ్వు మునిగిపోతున్నావనుకున్నాను, అయినా పడలేదు. అలాగే నిలబడిపోయాను. అంతలో నువ్వు పైకి తేలి నాకేసి చెయ్యూపావు. వెనక్కి తిరిగేసరికి బ్యాగు లేదు. నిద్రపోయావా అన్నావు. జరిగినదాని కంటే నిద్రే నయమనిపించింది."

మిగ్దాలియా ఒడ్డు వైపు ఒక అడుగు వేసింది.

"ఆ తర్వాత నేనెప్పుడూ బ్యాగు చూడలేదు. నీ తలే చూసేవాణ్ణి. మునిగితే ఏం చేస్తానో తెలీదు. ఊరికే చూసేవాణ్ణి."

ఆమెకు ప్రతి క్రిస్మస్‌కీ తను చెప్పే నిద్ర కథ, గురక పెట్టి మరీ చూపించడం, చుట్టాల నవ్వులు, పక్కనే కూర్చుని తనూ నవ్వే ఈ మనిషి ఒకేసారి గుర్తొచ్చి సిగ్గుతో ముఖం కాలిపోయింది. ఒడ్డుకు వచ్చి, అతని ముందు వంగి, చెప్పులు విప్పింది. వాటిని పొడి ఇసుకలోకి విసిరి చెయ్యి చాపింది.

"రా."

"మిగ్దా..."

"మోకాళ్ళ దాకానే."

మోకాళ్ళ దాకా వచ్చాడు. తర్వాత నడుం దాకా వచ్చాడు. ఆమె మణికట్టును ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే గోళ్ళు దిగాయి. మూడడుగుల అవతల ఐదేళ్ళ పిల్ల ఒకతి మునిగి తేలుతూ ఇతన్ని వింతగా చూసింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఫ్రిజ్‌లు బాగుచేసి బలిసిన భుజాలవాడు, వణికిపోతున్నాడు. ఒడ్డు మీద డోన్యా ప్రొవీ టోపీ ముఖం మీదికి లాక్కుని నిద్ర నటించింది. ఆవిడకు మర్యాద తెలుసు.

"వెల్లకిలా పడుకో. నీ వీపు కింద చేతులు పెడతాను."

"బరువుంటాను."

"నీళ్ళలో ఎవరూ బరువుండరు. తల వెనక్కి వాల్చు. ఆకాశం చూడు."

చాలాసేపు బతిమాలాక వాలాడు. మొదట దుంగలా బిగుసుకుపోయాడు, చెవుల్లోకి నీళ్ళు వెళ్ళగానే లేచి కూర్చోబోయి ఉప్పునీళ్ళు మింగాడు, దగ్గాడు, దేవుణ్ణి తలచుకున్నాడు. రెండోసారీ అంతే. మూడోసారి కళ్ళు మూసుకున్నాడు. మెల్లగా మెడ సడలింది. పొట్ట పైకి తేలింది. మిగ్దాలియా చేతుల మీద బరువు తగ్గిపోయింది.

ఇక అతను తనంతట తానే తేలుతున్నాడని ఆమెకు తెలుసు. ఫహార్దో రేవులో తండ్రి ఆమెకూ ఇలాగే నేర్పాడు. పట్టుకున్నానమ్మా, పట్టుకునే ఉన్నాను అంటూనే చప్పుడు లేకుండా చేతులు తీసేశాడు. సముద్రపు ఒడ్డు పిల్లలందరికీ ఈత అలాగే వస్తుంది. ఇప్పుడు తను కూడా చేతులు తీసేస్తే సరిపోతుంది, అతనికి తెలియను కూడా తెలియదు.

"పట్టుకునే ఉన్నావా?" అన్నాడు కళ్ళు తెరవకుండా.

"ఆఁ," అంది మిగ్దాలియా.

ఒక ఇంటికి అబద్ధమాడేవాళ్ళు ఒక్కరు చాలు. భుజాలు లాగేస్తున్నా, ఆమె చేతులు అతని వీపుకు ఆనించి అలాగే నిలబడింది.