సంఘ స్త్రీలు సహకరించారు

గుడి వెనక కూర్చుని పిడికెడు బియ్యం ఏరుతుంటాను. మా సంఘంలో ప్రతి ఇల్లాలూ అన్నం వండే ముందు దేవునికని ఒక పిడికెడు పక్కన తీసి ఆదివారం గుడికి తెస్తుంది. రేషను బియ్యం, సోనామసూరి, పురుగు పట్టినవి, నలభై ఇళ్లవీ ఒకే గంపలో పడతాయి. వేసవి సెలవుల్లో పది రోజుల బైబిలు బడికి వచ్చే పిల్లలకు ఆ గంపే మధ్యాహ్నం అన్నం. అన్నీ కలిపి వేస్తే కొన్ని గంజి, కొన్ని పలుకు. జల్లెడ పట్టి లావువి ముందు, సన్నవి తర్వాత వేయాలి. పదమూడేళ్లుగా ఈ పని నాది. ఎట్లా చేస్తావని ఒక్కరూ అడగలేదు.

చివరి రోజు మా ఆయన సురేంద్ర పొయ్యి దగ్గరికి వచ్చి, "పాస్టరమ్మ పాట నేర్పిస్తాంటే సూడాల నువ్వు. పిలకాయలు కదలకుండా కూసోనుండారు" అన్నాడు. నేనెట్లా చూస్తాను, పొయ్యి వదిలి? అన్నం కొంచెం నోట్లో వేసుకుని "ఉప్పు తక్కువుండాది" అని వెళ్లిపోయాడు.

పాస్టరమ్మ అంటే పాస్టరు అయ్యగారి భార్య తేజస్విని. అయ్యగారికి సోమల నుంచి బదిలీ అయ్యి ఏప్రిల్‌లో మా ఊరికి వచ్చారు. బీఈడీ చదివింది. ఇస్త్రీ చీర, పొగ వాసన తెలియని జుట్టు. ఆమె వస్తే మా ఆయన లేచి నిలబడి "రండమ్మా" అంటాడు. నా కోసం ఆయన ఎప్పుడు లేచాడు? నాతో పాటు నీళ్లు మోసే గంగులమ్మ కూడా, "ఆయమ్మ వచ్చింది కాబట్టే ఈ యేడు ఇంతమంది పిలకాయలు" అంది. నాకు కుళ్లు పుట్టింది. దానికి ఇంకో మంచి పేరు వెతకను.

ప్రతి ఏడూ బడి అయిపోగానే సంఘ వేసవి వార్తలు గుడిలో చదివి, తర్వాత మా చర్చీలన్నిటికీ కలిపి వచ్చే డయాసిస్ పత్రికకు పంపుతారు. కార్యదర్శి మా ఆయన. ఆయన రెండు ముక్కలు చెబుతాడు, నేను పేజీ నిండా రాస్తాను, కింద ఆయన పేరు ఉంటుంది. నా వంటకు పదమూడేళ్లుగా ఒకే వాక్యం, సంఘ స్త్రీలు సహకరించారు అని.

"ఈ తూరి తేజస్విని గారు ఘనంగా నడిపించినారని రాయి. ఆయమ్మ పేరు మాత్రం మరిసిపోవద్దు" అన్నాడు.

"నా పేరు?"

నవ్వాడు. "ఇంట్లో మనిషి పేరు మనమే రాసుకుంటే జనం ఏమనుకుంటారు యశోదా?"

పెళ్లిళ్లు రాశాను, బాప్తిస్మాలు రాశాను, పుంగనూరు సభలకు వెళ్లొచ్చిన వాళ్ల పేర్లన్నీ రాశాను. బైబిలు బడి దగ్గరికి వచ్చేసరికి 'సండే స్కూలు వారు నడిపించారు' అని రాసి చుక్క పెట్టాను. మరిచిపోయి కాదు, తెలిసే.

ఆదివారం ఆయన పెద్ద గొంతుతో చదివాడు. ఏది ఉందో ఏది లేదో ఆయనకు పట్టలేదు. ముందు వరసలో తేజస్విని బైబిలు బడి మాట రాగానే నిటారుగా కూర్చుంది. అయిపోయాక ఒళ్లోని పైట కొంగు సర్దుకుంది. నాకు హాయిగా అనిపించింది. గుడిలో కూర్చుని అట్లా అనిపించడం పాపమే, అయినా హాయిగానే ఉంది.

ఆరాధన అయ్యాక గంగాళం తోముతుంటే తేజస్విని నా దగ్గరికి వచ్చింది.

"యశోదక్కా, వార్తలు రాసేది నువ్వేనంట కదా."

తోముతూనే తలూపాను.

"అడగకూడదు గానీ అడుగుతాండా. సోమలలో నాలుగేండ్లు నేనే నడిపిస్తిని. నాలుగేండ్లూ మా ఆయన పేరే ఏసిరి. ఈ తూరి నా పేరు వస్తాదని కుప్పంలో మాయమ్మకు ఫోన్ చేసి సెప్పుకుంటిని. నన్నంటే మరిసినావు, సరే. రాసేది నువ్వే కదక్కా, నీ పేరు యాల రాసుకోలేదు?"

గంగాళం ఇంకా గట్టిగా రుద్దాను. ఆ చీర మీద మసి నీళ్లు చల్లాలని కూడా అనిపించింది, నిజం చెప్పాలంటే. అడగాల్సింది నేను, పదమూడేళ్ల కిందట, మా ఆయనను. ఇప్పుడు ఆమె నన్ను అడిగింది.

ఇంటికి వచ్చాక మా ఆయన అన్నం తింటూ, టీవీ మీద నుంచి కళ్లు తిప్పకుండా ఫోన్ నా వైపు జరిపాడు.

"పత్రికోళ్లకు వార్తల కాగితం ఫొటో తీసి పంపు."

కొత్త కాగితం తీసుకున్నాను. అన్నీ ముందులాగే రాసి, బైబిలు బడి దగ్గర కొత్తగా రాశాను. తొంభై మంది పిల్లలకు పది రోజులూ యశోదమ్మ వండి పెట్టింది. గంగులమ్మ నీళ్లు మోసింది. తేజస్విని పాటలూ పాఠాలూ నేర్పింది. కింద, కార్యదర్శి పేరు ఉండాల్సిన చోట, 'రాసినది యశోదమ్మ' అని రాశాను.

"పంపినావా?"

"పంపినా."

తేజస్విని మీద కుళ్లు పోయిందా అంటే, పోలేదు. అందుకే ఆమె పేరు మూడోది. మొదటిది నాది.