ముందు ఎడమది, ఆఖరున కంప్యూటరు

పొద్దున్నే ఏడింటికి మూడు స్క్రీన్లూ వెలిగించడంతో ఆవిడ రోజు మొదలవుతుంది. వీధిలో అందరూ ఆవిడని అచ్చుతప్పులమ్మ అంటారు. పాఠ్యపుస్తకాల ప్రూఫులు దిద్దడం మొదలుపెట్టి నలభై ఏళ్ళు దాటింది. ఎడమ స్క్రీను మీద రచయిత రాతప్రతి, మధ్యదాని మీద అచ్చుకెళ్ళే పేజీ, కుడిదాని మీద నిఘంటువు.

వెలిగించడానికి ఓ వరస ఉంది. ముందు ఎడమది. పది లెక్కపెట్టి మధ్యది. మళ్ళీ పది లెక్కపెట్టి కుడిది. ఆఖరున కంప్యూటరు. వరస తప్పితే ఏది ఎడమో ఏది కుడో కంప్యూటరు మరిచిపోతుంది. అది మరిచిపోతే ఇల్లూ మరిచిపోతుంది. ఎదురుగోడకి మూడు తలుపులు: ఎడమ వంటగది, మధ్య కిందికి దిగే మెట్లు, కుడివైపు పడకగది. స్క్రీన్లు తారుమారైతే ఇవీ తారుమారవుతాయి. క్రితం నెల గ్యాసు బండ తెచ్చినతను అలవాటుగా ఎడమ తలుపు తీసి, "మళ్ళీ మారాయా అమ్మా?" అంటూ బండని మంచం పక్కనే దించిపోయాడు.

"ఒక్క స్క్రీను పెట్టుకోరాదూ?" అంది కూతురు.

"ఒక్కటే ఉంటే వంట మెట్ల మీద చెయ్యనా?"

పైకి అలా నవ్వేసినా ఆవిడకి లోపల బెంగే. మరుపు తనకీ మొదలైంది. భర్తేమో అడుగుల లెక్క మీదే బతుకుతున్నాడు. పుస్తకాలు బైండు చేసిన మనిషి, చూపు పోయి రెండేళ్ళు. అప్పట్నుంచి ఆ మెట్లు దిగలేదు. కానీ కిటికీ దగ్గరి కుర్చీలోంచి లేచి, పదకొండు అడుగులు లెక్కపెట్టుకుంటూ వంటగదికెళ్ళి, ఇద్దరికీ టీ తనే పెడతాడు. గ్యాసు బండ వచ్చిన రోజు ఆవిడ పరిగెత్తి చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాడు.

"ఇంకోసారి నన్ను ఆపావంటే ఈ కుర్చీలోంచి లేవను. చెమ్చాతో నువ్వే నాకు టీ తాగిద్దువుగాని."

అన్నాడంటే చేసే మనిషి. అందుకే ఆవిడ వైర్లకి ఎరుపు, పచ్చ, పసుపు ఊలు కట్టింది. వరసంతా అట్టముక్క మీద రాసి బల్లకి అతికించింది.

ఆ పొద్దున ఎడమది నొక్కి, ఆరు దాకా లెక్కపెట్టేసరికి ఫోను మోగింది. కూతురికి నాన్న మందుల చీటీ కావాలిట. ఫోను పెట్టేసి చూస్తే స్క్రీను ఇంకా నల్లగానే ఉంది. నొక్కానా, లేదా? అట్ట మీద వరస ఉంది గానీ, తను ఎక్కడ ఆగిందో లేదు. నొక్కింది. వెలగబోతున్నది కాస్తా ఆరిపోయింది. అది గమనించకుండానే మధ్యది, కుడిది, కంప్యూటరు వెలిగించేసింది. చూసుకుని మళ్ళీ నొక్కితే, ఎడమది అన్నిటికన్నా ఆఖరున కళ్ళు తెరిచింది.

తలుపులు చప్పుడు లేకుండా చోట్లు మార్చుకున్నాయి. ఎడమ తలుపు అవతల మెట్లు, నిట్టనిలువుగా కిందికి.

"నాలుగు," అన్నాడు ఆయన. అప్పటికే లేచాడు.

ఆగండి అన్న మాట గొంతుదాకా వచ్చింది. మింగేసింది. ఆపితే మనిషి కుర్చీకే అతుక్కుపోతాడు. స్క్రీన్ల అమరిక తెరిచింది. స్క్రీనుకొకటి చొప్పున మూడు పెట్టెలు కనిపించాయి. వంటగది పెట్టె కుడి చివర ఉంది. మౌసు బాణాన్ని ఎడమకి తోస్తే కుడివైపు తేలింది.

"ఎక్కడ చచ్చావే!"

"ఎవర్నే తిడుతున్నావు?"

"మిమ్మల్ని కాదు లెండి, బాణాన్ని."

"ఏడు."

పెట్టె చిక్కింది. ఒక్క ఊపున ఎడమకి లాగి వదిలింది. తొందరలో అది కాస్త ముందుకి జరిగింది. గోడ కూడా రెండడుగులు ఆయనవైపు జరిగింది.

"తొమ్మిది," అంటూనే ఆయన చెయ్యి వంటగది గుమ్మానికి తగిలింది. లోపలికి అడుగేశాడు.

స్క్రీను అడిగింది: ఈ అమరిక ఉంచాలా? పదిహేను సెకన్లలో పాతది వచ్చేస్తుంది. పాతదంటే ఆయన కాళ్ళ కింద మెట్లు. పన్నెండు, పదకొండు. ఆవిడ మౌసు వదల్లేదు. ఈసారి బాణం చెప్పినట్టు వింది. నాలుగు దగ్గర 'ఉంచు' మీద నొక్కింది.

లోపల గిన్నెలో నీళ్ళు పడిన చప్పుడు.

"ఏమే, ఇవాళ తొమ్మిదికే వచ్చేశాను."

"అడుగులు పెద్దవయ్యాయి మరి."

ఆయన చుక్క ఒలక్కుండా రెండు కప్పులు తెచ్చి, ఒకటి ఆవిడ చేతిలో పెట్టాడు.

"రేపటికి నా చెప్పులు వెతికిపెట్టు. వీధి చివరిదాకా వెళ్ళొస్తా. మెట్లు మధ్యలోనేగా?"

"మధ్యలోనే. అక్కడే ఉంటాయి."

ఆవిడ పెన్ను తీసి అట్టముక్క మీద అడుగున రాసింది: ఫోను మోగినా తియ్యకు. దాని కింద, మరిచిపోకుండా: వంటగదికి తొమ్మిది.